ద్వారం వేంకటస్వామినాయుడుగారి వయొలిను: రికార్డులలో మిగిలిన నాదము



విశాఖపట్టణమున ద్వారం వేంకటస్వామినాయుడుగారి విగ్రహము కలదు. ఆయన పేరిట ఒక కళాక్షేత్రమును కలదు. 1993లో, శతజయంతి సంవత్సరమున, తపాలాశాఖవారు ఆయన బొమ్మతో బిళ్లను వెలువరించిరి. సంగీతమనిన ఆదరముగల తెలుగువారిలో ఆయన పేరెరుగనివారు అరుదు. కాని ఆయన వాద్యమును పది నిమిషములైన చెవియొగ్గి విన్నవారెందరు? విగ్రహమునకు పూలమాల వేయుటకు ఏడాదికొక దినము చాలును. వినుటకు ఓపిక కావలెను.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరున జన్మించి, విశాఖపట్టణమున పెరిగిరి. చూపు మందమగుటచే బడిచదువు సాగలేదు. అన్నగారగు వేంకటకృష్ణయ్యగారే వయొలినులో తొలిపాఠములు చెప్పిరి. 1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి అధ్యక్షులైనప్పుడు, నాయుడుగారు విద్యార్థిగా చేరుటకు వెళ్లి ఆచార్యులై నిలిచిరని ప్రతీతి. 1936లో తామే ప్రిన్సిపాలైరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఆ కళాశాలలో చదువుకొన్నది నాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్న కాలముననే. 1941లో మదరాసు సంగీత విద్వత్సభవారి సంగీత కళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీయును ఆయనకు లభించినవి. బిరుదముల మాట ఇంతటితో చాలును.

వయొలిను ఈ దేశపు వాద్యము కాదు. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులవారు దానిని కర్ణాటక సంగీతమునకు అలవరచిరి. ఐరోపావారు దానిని గడ్డము క్రింద నిలుపుకొని వాయింతురు. ఇచ్చటి విద్వాంసులు నేలపై కూర్చుండి, దాని తలను పాదముపై ఆనించి వాయింతురు. ఈ మార్పు చిన్నది కాదు. వాద్యమునకు ఆధారము దొరికినందున ఎడమచేయి తంతిపై స్వేచ్ఛగా జారుటకు వీలయ్యెను. జారుటకు వీలైనందున గమకము పలికెను. అయినను చిరకాలము వయొలిను గాయకుని ప్రక్కన కూర్చుండి, ఆయన పాడినదానిని అనుసరించు పక్కవాద్యముగనే యుండెను. నాయుడుగారును గొప్ప గాయకులకు సహకారము చేసినవారే. ఆ వాద్యమును సభామధ్యమునకు తెచ్చి, దానిచేతనే నిండు కచేరి చేయించినవారిలో ఆయన అగ్రగణ్యులు. ఆయన తొలి ఏకవాద్య కచేరి 1938లో వేలూరున జరిగినదని చెప్పుదురు.

ఆయన ప్రజ్ఞ యెచ్చట కలదు? వ్రేళ్లయందు కలదని పలువురందురు. నిజమే, కాని సగము నిజము. తక్కిన సగము కుడిచేతిలో, కమానులో కలదు. కమాను తిరిగినచోటనెల్ల ధ్వని తెగుట సహజము. అట్లు తెగినప్పుడు సాహిత్యపు మాటయు విరుగును. గాయకుడు మాట నడుమ ఊపిరి పీల్చినట్లుండును. నాయుడుగారి కమాను పొడుగుగా, నిదానముగా సాగును. అది క్రిందికి వచ్చి మరల పైకి మరలిన చోటు వినువారికి తెలియదు. కృతి తెలిసినవారికి మాటలు వినబడుచున్నట్లే యుండును. పాశ్చాత్య వాదకుల నాదశుద్ధి యన్న ఆయనకు మక్కువ. వారి కమాను పొందికను గ్రహించియు రాగమును మాత్రము ఇసుమంతయు సడలనీయలేదు. 1952లో యెహుది మెనూహిన్ మదరాసు వచ్చినప్పుడు న్యాయమూర్తి రాజమన్నారుగారి యింట నాయుడుగారి వాద్యమును విని ప్రశంసించెను.

ఇక రికార్డుల సంగతి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు లక్క పలకపై ఒక ప్రక్కకు పట్టునది సుమారు మూడు నిమిషములు, లేదా మరికొంత. రాగమును గంటసేపు విస్తరింపగల విద్వాంసునకు అది ఇరుకు గది. కొందరు ఆ యిరుకులో పరుగెత్తిరి. ఉన్న సంగతులన్నియు కుదించి కుక్కిరి. నాయుడుగారు పరుగెత్తలేదు. ఏది విడువవలెనో ముందుగనే నిశ్చయించుకొన్నట్లు తోచును. రెండు మూడు సంచారములతోనే రాగము ముఖము కనబడును. స్వరము నిలువవలసిన చోట, కాలము మించిపోవుచున్నను, నిలిచియే తీరును. అయినను పలకను చూచి మనిషి యింతేయనుకొనరాదు. తానము, పల్లవి విస్తారముగా నడచిన కచేరీలలో పెక్కు గాలిలో కలిసినవి. మిగిలిన రేడియో కచేరీల ముద్రణలు ఆ లోటును కొంత తీర్చును.

ఈ కాలమున పాత పలకలనుండి ఎక్కించిన ప్రతులు సులభముగా లభించుచున్నవి. వానిలో రెండు చిక్కులు కలవు. పలకను సరియైన వేగముకంటె ఎక్కువగా త్రిప్పి ఎక్కించినచో శ్రుతి పెరుగును, నడక తొందరగును. నెమ్మదియే ప్రాణమైన వాదకునకు అదియొక అపకారము. గరగర శబ్దమును పూర్తిగ తుడిచివేయుదుమని పూనుకొన్నచో, దానితోపాటు కమాను తంతిని ఒరసికొను సన్నని సవ్వడియు పోవును. నాయుడుగారి నాదము బిగ్గరయైనది కాదు. ఆ సవ్వడి దానికి ఊపిరి. కొంత గరగర యున్న ప్రతియే మేలు.

1964 నవంబరు 25వ తేదీన నాయుడుగారు కన్నుమూసిరి. కుమారులు భావనారాయణరావుగారు, కుమార్తె మంగతాయారుగారు, శిష్యులలో నూకల చినసత్యనారాయణగారు మొదలగువారు ఆ విద్యను తరువాతి తరమునకు అందించిరి. వారందరి వాద్యగానములకును మూలమైన ఆ కమానును వినదలచినవారు వీధి సద్దణగిన పిమ్మట ఒక చిన్న రికార్డు నెన్నుకొనుడు. మొదటిమారు పాటకొరకు వినుడు. రెండవమారు పాటను మరచి, కమాను తిరుగు చోట్లను వెదకుడు. అవి దొరకనిచో మూడవమారును పెట్టుడు; మొత్తము పదినిమిషముల పని.