శక్తి లెక్క తేలాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వాహన భాగాలు బరువునూ దెబ్బనూ తట్టుకుంటాయో లేదో, అవి తయారు కాకముందే కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా ఉద్యోగం. పేరుకు సిమ్యులేషన్ అంటాం గాని, దాని మూలం మన భౌతికశాస్త్ర ల్యాబులోని స్ప్రింగు త్రాసులోనే ఉంది.

స్ప్రింగుకు ఒక బరువు తగిలించి చేత్తో మెల్లగా దించితే 2 సెంటీమీటర్లు సాగిందనుకోండి. అదే బరువును ఒక్కసారిగా వదిలేస్తే 4 సెంటీమీటర్ల దాకా దిగి, పైకీ కిందికీ ఊగి, చివరికి 2 దగ్గరే ఆగుతుంది. బరువు కోల్పోయిన స్థితిజ శక్తిలో సగమే స్ప్రింగులో మిగిలింది. మరి మిగతా సగం? మొదటిసారి మన చెయ్యి తీసుకుంది. రెండోసారి గతిజ శక్తిగా మారి, ఊగి ఊగి వేడిగా పోయింది.

స్టాటిక్ విశ్లేషణ అంటే ఆ మెల్లగా దించే చెయ్యి. అందులో వేగానికి చోటు లేదు. డైనమిక్ విశ్లేషణ అంటే వదిలేసిన బరువు. హఠాత్తుగా పడే బరువుకు స్టాటిక్ లెక్క వేస్తే సాగుదల, ప్రతిబలం సగమే కనిపిస్తాయి. ప్రమాదం అక్కడే ఉంది.

కారు గోడను ఢీకొనే లెక్కలో గతిజ శక్తి తగ్గుతుంటే, రేకు నలగడానికి పట్టే అంతర్గత శక్తి పెరగాలి. మొత్తం మారకూడదు. లెక్క త్వరగా తేలాలని మెష్‌లోని ఒక్కో గడిని ఒకే బిందువు దగ్గర గణిస్తే, ఆ గడి ఏ నిరోధమూ లేకుండా వంకర పోవచ్చు. దాన్ని ఆపడానికి సాఫ్ట్‌వేర్ కృత్రిమ బలం చేరుస్తుంది. అది మింగే శక్తిని అవర్‌గ్లాస్ శక్తి అంటారు. అంతర్గత శక్తిలో అది 10 శాతం దాటితే ఫలితాన్ని నమ్మరాదని మా వృత్తిలో వాడుక.

ఒకసారి మా ముందుకొచ్చిన బ్రాకెట్ నమూనాలో రంగుల బొమ్మ ముచ్చటగా ఉంది, ప్రతిబలం హద్దులోనే ఉంది. శక్తి రేఖలు గీస్తే అవర్‌గ్లాస్ హద్దు దాటేసింది. గడువు దగ్గరపడినా సంతకం పెట్టలేదు. మెష్ సన్నం చేసి మళ్ళీ నడిపితే బ్రాకెట్ విరిగింది. విరిగింది కంప్యూటర్‌లో, రోడ్డు మీద కాదు.

“జవాబు సరే, స్టెప్పులేవీ?” అని మన లెక్కల మాస్టారు అడిగే ప్రశ్నే ఇప్పటికీ నాకు అన్నం పెడుతోంది. ఇప్పటి ఉపాధ్యాయులకు నాదొక మనవి. ల్యాబులో బరువును మెల్లగా దించడమే కాదు, ఒక్కసారి వదిలి కూడా చూపించండి. మిగతా సగం ఏమైందో పిల్లల్నే అడగనివ్వండి.