మరణస్మృతి

మరణమును గూర్చి మాటాడుట యశుభమని మనవారిలోఁ బెక్కండ్రు తలంతురు. శుభకార్యము జరుగు నింట ఆ మాట యెత్తఁగూడదనుట సమంజసమే. కాని డెబ్బదియేండ్లు దాఁటిన నలువురు రచ్చబండమీఁదఁ గూర్చుండి ప్రత్తి ధరను, మిరప తెగులును, వాన రాకను గంటల తరబడి ముచ్చటించి, తప్పక రానున్న యీ యొక్కదానిని మాత్రము దాఁటవేసి లేచిపోవుట నాకు వింతగాఁ దోఁచును.

దహనమునకుఁ బోయినపుడు చితి యెదుట నిలిచి “ఏమున్నదండీ, అంతయు నింతియే” యని నిట్టూర్తుము. చెఱువులో మునిఁగి తడిబట్టలతో నిల్లు చేరునప్పటికి గట్టుతగవు మరల జ్ఞప్తికి వచ్చును. శ్మశానవైరాగ్య మనఁగా నిదియే. దీనివలనఁ బోయినవానికిని లాభము లేదు, ఉన్నవానికిని లేదు. మృత్యువు తలఁపునకు వచ్చినపుడు పుట్టవలసినది విరక్తి గాదు, త్వర యని నా యభిప్రాయము.

దృష్టాంతమునకై దూరము పోనక్కఱలేదు. సీతాపహరణవార్తను శ్రీరాముఁడు విన్న కొండ గనుక మన యూరికి వినుకొండ యను పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. ఆ వార్త చెప్పినవాఁడు జటాయువు. రామాయణమున నా ఘట్టమును జదివినపుడెల్ల నేనొక విషయమును గమనింతును. ఱెక్కలు తెగి, చూపు తిరుగుచుండఁగా నా పక్షిరాజు తన బాధను ఒకటి రెండు మాటలతో ముగించెను. రావణుఁడు దక్షిణముగాఁ బోయెననెను. అతఁడు సీతను గొనిపోయిన ముహూర్తము విందమనియు, ఆ వేళఁ బోయిన సొమ్ము యజమానునకు మరలఁ జేరుననియు ధైర్యము చెప్పెను. విశ్రవసుని కుమారుఁడు, కుబేరుని సోదరుఁడు అని శత్రువు వంశము చెప్పుచుండఁగానే ప్రాణము పోయెను. లంక పేరు నోటికి రాలేదు. ఐనను దిక్కు తెలిసెను; పనికి అంత చాలెను. రాముఁడు తన బంధువునకుఁ జేసినట్లే యా పక్షికి దహనసంస్కారము చేసెను.

పరీక్షిత్తునకు ఏడు దినములు, ఖట్వాంగునకు ఒక ముహూర్తము, అనఁగా రెండు గడియలు, మిగిలినవని తెలిసెను. మనకట్టి లెక్క యెవ్వరును జెప్పరు. గడువు తెలియదు గనుక గడువే లేదనుకొందుము.

ఏడు దినములే యున్నవని తెలిసినచో రైతు మొదట నేమి చేయును? నోటిమాటపైఁ దెచ్చిన యప్పులను కుమారులకుఁ జెప్పును. భూమి యెవరికెంతయో వ్రాసిపెట్టును. ఆ వ్రాఁత నేఁడే యేల వ్రాయరాదు? వీలునామాకు స్టాంపు కాగితముతోఁ బని లేదు. తెల్లకాగితముపై వ్రాసి, తాను సంతకము చేసి, అది చూచిన యిద్దఱు సాక్షులచేత సంతకములు చేయించిన చాలును. రిజిస్టరు చేయుట నిర్బంధము గాకున్నను మేలు. మనసు మాఱినచో బ్రదికియున్నంతకాలము దానిని మార్చుకొనవచ్చును. కూఁతుండ్రను మఱవరాదు; హిందూ కుటుంబములలోఁ బిత్రార్జితమున వారికిని గుమారులతో సమానమైన భాగము గలదని 2005వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. వీలునామా వ్రాసినచో నాయువు తగ్గునని భయపడువారిని జూచితిని. వ్రాయక పోయినవారి కుమారులు కోర్టు మెట్లెక్కి దిగుటయుఁ జూచితిని.

ఇఁక జాషువాగారి మాట. 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువాగారు ‘శ్మశానవాటి’ యను ఖండికను రచించిరి. తెల్లవాఱుజామునఁ గాటిసీను వచ్చువఱకు మేలుకొని, హరిశ్చంద్ర వేషధారి యా పద్యములు పాడఁగా వన్సుమోరు కొట్టినవారు మీలోఁ బెక్కండ్రుందురు. అవి బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి నాటకములోనివి గావు. నటులు జాషువాగారి నుండి గైకొని యందుఁ జేర్చుకొనిరి. గొప్పవారును సామాన్యులును ఒక్క మట్టిలోఁ గలసిరని చెప్పుచు, అంటరానితనమున కచ్చటఁ జోటు లేదని యాయన చాటిరి. ఆ బాధను స్వయముగా ననుభవించిన కవి నోట వచ్చిన మాట యది. 1941లో ‘గబ్బిలము’ ప్రకటించిరి. 1957 నుండి 1959 వఱకు మదరాసు ఆకాశవాణిలోఁ బని చేసిరి. డెబ్బదికిఁ జేరువైనపుడు, 1964లో, ‘క్రీస్తుచరిత్ర’కు సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చెను. 1971 జూలై 24న కాలధర్మము నొందిరి.

కాని యా పద్యములు విని కన్నీరు పెట్టిన పల్లెలలోనే కులమునకొక శ్మశానము నేఁటికిని గలదు. కొన్ని చోట్ల దళితుల శ్మశానమునకు బాటయే లేదు. పాడె మోసికొని చేనిగట్లమీఁద, వానకాలమున మోకాటిబంటి బురదలో నడువవలెను. ఆ బాటకు నాలుగడుగుల నేల విడువవలసినవారు తఱచుగా మనవంటి ముసలివారే. పట్టాలు మన పేర నుండఁగానే యా పని చేయవచ్చును. ఇరుపక్షములవారిని గూర్చుండఁబెట్టి, గట్టుమీఁది ముండ్లకంప తీయించి, వానలకు ముందే నాలుగు బండ్ల యెఱ్ఱమట్టి పోయించిన చాలును.