ఓడ దిగాక ఊరెంత దూరం?

(రాయ్‌పూర్‌లో తెలుగు సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్రం లేని ఊళ్లో ఓడల గురించి మాట్లాడమన్నారు. రిటైరైన మనవాళ్లు కొందరు ఈసారి మధ్యధరా సముద్రంలో క్రూజ్‌కు వెళ్లాలనుకుంటున్నారు. మేం రెండేళ్ల కిందట వెళ్లొచ్చాం కాబట్టి నన్ను పట్టుకున్నారు. ఓడలో భోజనాలు, డాన్సులు, స్విమ్మింగ్ పూల్ సంగతి బ్రోచర్‌లో రంగుల్లో ఉంటుంది. ఓడ రేవులో ఆగాక ఊళ్లోకి ఎలా పోవాలి, మళ్లీ వేళకు ఎలా రావాలి అన్నది మాత్రం ఉండదు. నేను చెప్పేది అదొక్కటే.

బ్రోచర్‌లో 'రోమ్' అని రాస్తారు. ఓడ ఆగేది చివితావెక్కియా అనే రేవులో. అక్కడినుంచి రోమ్ దాదాపు 80 కిలోమీటర్లు. రాయ్‌పూర్ చూపిస్తామని ధమ్తరిలో దింపినట్టన్నమాట! 'ఫ్లోరెన్స్' అంటే లివోర్నో. అది సరుకుల రేవు, లోపల నడవనివ్వరు. షటిల్ బస్సులో ఊళ్లోకి, మరో బస్సులో స్టేషన్‌కు, అక్కడినుంచి రైల్లో గంటన్నర వేసుకోండి. పీసా వాలు గోపురం మాత్రం అదే దారిలో పావుగంట, ఇరవై నిమిషాలే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఫ్లోరెన్స్ ఆశ వదులుకుని పీసా చూసి రావడమే మేలని నా అభిప్రాయం. మా ఆవిడ దీనికి ఇప్పటికీ ఒప్పుకోదు.

'ఏథెన్స్' అంటే పిరయస్. ఇది నయం, మన స్టేషన్ నుంచి మాన ఎయిర్‌పోర్టుకు ఉన్నంత దూరం కూడా లేదు. మెట్రో ఉంది. 2022 అక్టోబరులో మూడో లైను కూడా పిరయస్ దాకా వచ్చింది. పాతదైన ఒకటో లైను ఎక్కినా, కొత్తది ఎక్కినా మొనాస్తిరాకిలో దిగితే అక్రోపోలిస్ కొండ ఎదురుగా కనిపిస్తుంది. జేబులు మాత్రం జాగ్రత్త. బార్సిలోనాలో రేవు నుంచి కొలంబస్ స్తంభం దాకా నీలం రంగు బస్సు నడుస్తుంది, దిగగానే రాంబ్లా వీధి. నేపుల్స్, పలెర్మోల్లో ఈ బాధేమీ లేదు, గేటు దాటితే ఊరే. శాంతోరినిలో ఓడ ఒడ్డుకే రాదు. చిన్న పడవలో దింపుతారు. పైన ఊరుకు 600కు దగ్గరగా మెట్లు, లేదా గాడిద, లేదా కేబుల్ కారు. అందరూ కేబుల్ కారే ఎక్కుతారు కనుక దిగేటప్పుడు తిరుపతి క్యూ గుర్తుకొస్తుంది. ఆ క్యూకు గంట విడిగా పెట్టుకోండి.

ఇక అసలు లెక్క. ఓడవాళ్లే టూరు బస్సులు పెడతారు. మేం నలుగురం. రోమ్‌కు వాళ్లు చెప్పిన ధర రైలు ఖర్చుకు అయిదారు రెట్లు. కానీ ఆ డబ్బులో ఒక బీమా ఉంది. ఓడవాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా మనల్ని తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్లదే. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఓడ మన కళ్లముందే వెళ్లిపోతుంది. తర్వాతి రేవుకు మన ఖర్చుతో మనమే చేరాలి, అది వేరే దేశమైనా సరే. అందుకే రోజూ గదిలో పెట్టే కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోండి. అందులో రేవు ఏజెంటు ఫోన్ నంబరు ఉంటుంది.

మా నాన్నగారు డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ మనిషి. వ్యాగన్ రిపేర్ షాపులో రిటైరయ్యారు. డెబ్భై నాలుగేళ్లు. "రైలుండగా బస్సెందుకురా" అన్నారు. సరేనన్నాను గానీ ఒక షరతు పెట్టాను. వెనక్కి వచ్చేటప్పుడు మనం ఎక్కాల్సిన రైలూ, దాని తర్వాతి రైలూ రెండూ పోయినా మూడోది ఓడను అందుకోవాలి. మన భాషలో చెప్పాలంటే సీఆర్‌ఆర్ లాంటిది. వడ్డీ రాదు, అయినా పక్కన పెట్టాలి.

ఓడ ఏడింటికి కదులుతుంది, ఆరున్నరకల్లా అందరూ లోపలుండాలి. మేం మూడున్నర ప్రాంతపు రైలు అనుకున్నాం. రోమ్‌లో శాన్ పియెత్రో స్టేషన్‌లో దిగితే వాటికన్ నడక దూరమే కనుక పెద్ద స్టేషన్ దాకా పోలేదు. బసిలికా చూసుకుని తిరిగి వచ్చేసరికి బోర్డు మీద మా రైలు పక్కన 'సొప్రెస్సో' అని ఉంది. రద్దు. ప్లాట్‌ఫారం నిండా మాలాంటి వాళ్లే. పిల్లల మొహాలు వాడిపోయాయి, మా ఆవిడ నా వంక చూడటం మానేసింది. టాక్సీకి అడిగినంత ఇచ్చి పోదామని ఒక కుటుంబం పరుగెత్తింది. నాన్నగారు బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా మూత తీశారు. "తర్వాతిది వస్తుంది, రాకపోతే టాక్సీ అప్పుడూ ఉంటుంది" అన్నారు. తర్వాతిది వచ్చింది. చివితావెక్కియా వరకూ ఆయన ఒక్కరికే సీటు దొరికింది. అయిదున్నర దాటాక రేవు బస్సు ఎక్కాం.

ఇటలీలో రైలు సమ్మెలు మామూలే. 'షోపెరో' అన్న మాట వార్తల్లో కనిపిస్తే అది సమ్మె. పనిదినాల్లో సమ్మె ఉన్నా ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు కొన్ని ప్రాంతీయ రైళ్లు నడుపుతారు. చూశారా మెలిక, వెళ్లడానికి రైలుంటుంది, రావడానికి రైలు మొదలయ్యేసరికి ఓడ లంగరెత్తుతుంది. అలాంటి రోజున మారుమాట లేకుండా ఓడవాళ్ల బస్సే. ఇంకొకటి, కాగితం టికెట్టును ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి. లేకపోతే టికెట్టు ఉన్నా జరిమానా.

బ్యాంకు ఉద్యోగిగా ఒక మాట. కార్డు మెషీన్ "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడిగితే యూరోలు నొక్కండి. రూపాయలు నొక్కితే మారకపు రేటు దుకాణం తరఫువాళ్లు వేస్తారు, అది మనకు నష్టం. ఓడ టర్కీ మీదుగా పోయి మళ్లీ గ్రీసుకో ఇటలీకో వస్తుంటే, షెంగెన్ వీసా ఒకసారి ప్రవేశానిదా, ఎక్కువసార్లదా అన్నది డబ్బు కట్టకముందే చూసుకోండి.

అంత దూరం ఎందుకనుకునేవాళ్లకు విశాఖ ఉంది. 2022 జూన్‌లో చెన్నై నుంచి క్రూజ్ ఓడ అక్కడికి వచ్చింది, 2023లో ప్రత్యేక టెర్మినల్ ప్రారంభమైంది. సర్వీసు ఎప్పుడుంటుందో కనుక్కుని, మన విశాఖ ప్యాసింజర్‌లో మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా దిగిపోవచ్చు. అక్కడ రేవు ఊళ్లోనే ఉంది, ఆటోవాడితో తెలుగులోనే బేరమాడుకోవచ్చు.

మీ ప్రశ్నలు అడగండి. ఓడలో పులిహోర ఎలా దొరికిందన్న ప్రశ్న మాత్రం మా అమ్మగారిని అడగాలి.