ఉల్లిపంట – ఎరువుల పొందిక



ముప్పదియైదేండ్లు బడిలో వ్యాకరణము చెప్పినవాడు ఉల్లిపంటను గూర్చి మాటలాడుటేమని మీలో కొందరు నవ్వవచ్చును. పైగా మనుస్మృతి పలాండువును ద్విజులకు నిషేధించినది. తినుటకే నిషేధము గాని పండించుటకు గాదని నాకు నేనే సమాధానము చెప్పుకొనుచుందును. కర్నూలు జిల్లాలో మాకు పిత్రార్జితమైన రెండెకరముల నల్లరేగడి చేను కలదు. ఉద్యోగవిరమణానంతరము దానిలో ఉల్లి వేసితిని. ఆ మొదటియేడు నేను చేసిన తప్పే నేటి ప్రసంగమునకు మూలము.

దుక్కిలో డి.ఏ.పి. వేసి, నారు నాటిన నెలలోనే రెండుమార్లు యూరియా చల్లితిని. ఆకు ముదురుపచ్చనై మోకాలెత్తు లేచెను. చూచినవారెల్ల మెచ్చుకొనిరి. ఆ మెప్పునకు పొంగి, గడ్డ ఊరుచున్న దినములలో మరల చల్లితిని. త్రవ్వినప్పుడు గడ్డలు పెద్దవే. కాని మెడలు బొటనవ్రేలంత లావు. ధర లేదని కొట్టములో నిలువచేయగా, నెల తిరుగకమునుపే క్రుళ్ళువాసన వీధివరకు వచ్చినది. ఆ పైకముతో తీర్చవలసిన అప్పు అట్లే నిలిచిపోయినది.

నత్రజని ఆకును పెంచును. కాలము మించి దానిని పెట్టినచో మొక్క ఆకును పెంచుటయందే యుండి, గడ్డను ముదిరించుటలో ఆలస్యము చేయును. మెడ ఎండి మూసికొనదు. మూసికొనని మెడయే బూజునకు వాకిలి.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి యొకటి కలదు. మొక్క నత్రజనిని పీల్చినంతమాత్రమున పని ముగియదు. దానిని మాంసకృత్తులుగా మార్చుకొనుటకు గంధకము తోడు కావలయును. అది చాలనిచో పీల్చిన నత్రజనిలో కొంత నైట్రేటుగానే ఆకులో నిలిచిపోవును. విశేషణము లెన్ని పేర్చినను క్రియ లేక భావము ముగియదు గదా! ఉల్లికి ఘాటు నిచ్చునవియు, తరుగునప్పుడు కన్నీరు తెప్పించునవియు గంధక సమ్మేళనములే. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున, విడాలియా ప్రాంతపు ఇసుకనేలలలో గంధకము తక్కువగుటచే అచటి ఉల్లి తియ్యగా నుండును. వారికి దానివలననే పేరు. మన కూరకు ఘాటు లేక రుచి లేదు.

మన చేలలో ఈ గంధకము తగ్గుటకు బస్తాల లెక్కయు నొక కారణము. సింగిల్ సూపర్ ఫాస్ఫేటులో నూటికి 16 పాళ్ళు భాస్వరము, 11 పాళ్ళు గంధకము నుండును. డి.ఏ.పి.లో భాస్వరము 46 పాళ్ళు, నత్రజని 18 పాళ్ళు, గంధకము సున్న. 50 కిలోల డి.ఏ.పి. బస్తా యొక్కటి 23 కిలోల భాస్వరము నిచ్చును. అంత భాస్వరమునకు సూపరు మూడు బస్తాలు మోయవలయును. మోతకూలి కలిసివచ్చునని మూడింటికి బదులు ఒకటి తెచ్చుకొంటిమి. ఆ మూడింటితో వచ్చుచుండిన 16 కిలోల పైచిలుకు గంధకము మనకు తెలియకయే పోయినది. ఇందుకు రైతును నిందింపజాలను. బండి కిరాయి ఇచ్చుకొనువాడతడు.

ఒకటి హెచ్చినచో మరియొకటి అందకపోవుటయు గలదు. భాస్వరము మితిమీరిన జింకు సరిగా నందదు; పొటాషు మితిమీరిన మెగ్నీషియము నంతే. ఉల్లివేళ్ళు చాలవరకు జానెడు లోతులోనే యుండును, వానికి నూగు స్వల్పము. పై మట్టిలో మనము చేసిన పొరపాటును దాటి లోతునకు పోయి వెదకుకొను శక్తి దానికి లేదు.

మరుసటియేడు మట్టిని పరీక్షకు పంపగా గంధకము, జింకు చాలవని తేలినది. గొర్రెలమందను రెండు రాత్రులు చేనిలో కట్టించితిని. డి.ఏ.పి. మాని సూపరు వేసి, దానితో కలుపక వేరుగా జింకు సల్ఫేటు వేసితిని. యూరియాను మూడు పాళ్ళు చేసి, నాటిన 45 దినములు దాటిన పిదప పిడికెడైనను చల్లలేదు. ఆకులు వాలిన పిమ్మట త్రవ్వి, మెడలు బాగుగా ఆరనిచ్చితిని.

గడ్డ మొదటియేటికన్న చిన్నది. ఇరుగుపొరుగువారు నవ్విరి. మూడునెలల పిదప కొట్టము తలుపు తెరచితిమి. మా యిల్లాలు వెనుకటి అనుభవముచే ముక్కు మూసికొనియే లోనికి వచ్చి, కొంతసేపటికి కొంగు తీసెను.