మాటలకు ఫీజు

మన యిండ్లలో ఎవరికైనను జ్వరము వచ్చినచో వైద్యుని కడకు పోవుటకు వెనుదీయము. రక్తపరీక్షకు, ఎక్స్‌రేకు, మందులకు అడిగినంత చెల్లింతుము. ఆ చీటీలను జాగ్రత్తగా దాచుకొందుము. కాని మనసు క్రుంగినవారిని నిపుణుల కడకు కొనిపోయి, ఒక గంటసేపు కూర్చుండి మాటలాడినందుకు ఫీజు ఇయ్యవలసి వచ్చినప్పుడు మాత్రము మన చేయి జేబులోనే నిలిచిపోవును. "మందు లేదు, సూది లేదు, ఉత్త మాటలకు రూపాయలా?" అని అడుగుదుము. ఈ ప్రశ్న తెలివితక్కువది కాదు. ఇట్లడిగినవారిలో మేమును ఉన్నాము. అందుచేతనే నేడు దీనిని గూర్చి ముచ్చటింపదలచితిమి.

మా తండ్రిగారు గతించిన యేడాది మా తల్లిగారికి నిద్ర కరవైనది. అన్నము సగములో విడిచి లేచిపోయెడివారు. గుండె దడ యనిరి. గుండె పరీక్ష చేయించితిమి. తలనొప్పి యనిరి, స్కానింగు చేయించితిమి. రెండు నెలలలో వీటికైన వ్యయమును మేము ఒక్కమారైనను లెక్క చూచుకొనలేదు. పరీక్షలన్నియు బాగుగనే యున్నవని చెప్పి, వైద్యులు ఒక మనస్తత్వ నిపుణురాలి పేరు వ్రాసి యిచ్చిరి. ఆమె వారమున కొకమారు చొప్పున ఎనిమిది వారములు రమ్మని, గంటకు ఇంతయని చెప్పినంతనే మేము మనసులో గుణించుట మొదలిడితిమి. ఇంటికి వచ్చి, "అమ్మా, ఆమెతో చెప్పేదేదో మాతోనే చెప్పరాదా?" అంటిమి. మా తల్లిగారు మా మొగము చూచి, "నీతో చెప్పుకోగలిగితే ఇన్నాళ్లు ఊరుకుంటానా, నాయనా?" అనిరి.

మా ప్రశ్నకు సమాధానము ఆ మాటలోనే కలదు. కన్నబిడ్డలతో చెప్పరానివి కొన్ని యుండును. బిడ్డ దుఃఖించునేమో, తప్పుగా తలచునేమో యని తల్లి సంకోచించును. ఇరుగుపొరుగువారి ఓదార్పునకు, బంధువుల ఓదార్పునకు ఫీజు లేదు. అది చాల విలువైనది కూడ. కాని దానికిని ఒక ఋణము కలదు. వారి కష్టములను మనము వినవలయును. మనము చెప్పుకొన్నది రేపు ఏ పెండ్లిపందిటిలోనో మన చెవినే పడునేమో యని భయపడవలయును. ఫీజు చెల్లించినవారికి ఆ ఋణము లేదు. గంట ముగియగనే లెక్క తీరిపోవును. చెప్పినది ఆ గదిలోనే యుండును.

ఈ చర్చ క్రొత్తది కాదు. మనోవిశ్లేషణకు మూలపురుషుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ వియన్నా నగరమున వైద్యము చేయుచు, 1913లో వ్రాసిన ఒక వ్యాసమున ఫీజు సంగతిని దాపరికము లేక చర్చించెను. ఒక్కొక్క రోగికి ఒక గంట కేటాయింపబడును. ఆ గంట ఆ రోగిదే. వచ్చినను, రాకున్నను దాని వెల చెల్లింపవలసినదే. సంగీతము నేర్పు గురువునకు, భాష నేర్పు గురువునకు పెద్దకుటుంబములవారు ఇట్లే చెల్లించుచున్నారు గదా యని ఆయన వాదము. అనగా మనము వెలయిచ్చి పుచ్చుకొనునది మాటను కాదు, శిక్షణ పొందిన యొకరి కాలమును. ఐదేండ్ల తరువాత, 1918లో, బుడాపెస్టు సభలో ఆయనయే వేరొక సంగతి చెప్పెను. శస్త్రచికిత్సకు బీదవానికి ఎంత హక్కు కలదో, మనసునకు చికిత్స పొందుటకును అంత హక్కు కలదనియు, ఏనాటికైనను సమాజము ఇందుకు ఉచిత వైద్యశాలలు నెలకొల్పక తప్పదనియు దాని సారాంశము. 1920లో ఆయన అనుయాయులు బెర్లినులో అట్టి వైద్యశాలను తెరచిరి. మన దేశమున 1933లో గిరీంద్రశేఖర బోసు కలకత్తాలోని కార్మైకేల్ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక రోగులకై ఔట్‌పేషెంటు విభాగమును ప్రారంభించెను.

ఫ్రాయిడ్ చెప్పిన రెండును నిజములే. గంటకు వెల కలదు. ఆ వెల ఇయ్యలేనివానికిని మనసు కలదు.

మన శాసనములు ఈ రెండవ సత్యమును గుర్తించినవి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29న అమలులోనికి వచ్చినది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు, కార్డు ఉన్నను లేకున్నను, ప్రభుత్వము నడుపు సంస్థలలో మానసిక చికిత్సను ఉచితముగా పొందవచ్చునని దాని 18వ సెక్షను చెప్పుచున్నది. శరీర వ్యాధులకు బీమా ఇచ్చు పద్ధతిననే మానసిక వ్యాధులకును ఇయ్యవలయునని 21వ సెక్షను శాసించుచున్నది. అయినను చాల పాలసీలు ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చునే భరించును. వారమున కొకమారు పోయి మాటలాడివచ్చు ఫీజు వాటిలో చేరదు. కనుక పాలసీ కాగితమును ముందుగా చదువుకొనుట మేలు.

ఫీజు ఇయ్యలేనివారికి హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ అను సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసినచో, రాత్రియైనను పగలైనను, పైసా ఖర్చు లేక తెలుగులోనే మాటలాడవచ్చును.

ఇక ఫీజు ఇయ్యగలవారు అడిగి తెలిసికొనవలసినవి కొన్ని కలవు. సైకియాట్రిస్టు వైద్యశాస్త్రము చదివినవాడు; మందులు వ్రాయగలడు. సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేయును. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకొనువారి పేరు భారత పునరావాస మండలి రిజిస్టరులో ఉన్నదా యని విచారింపవచ్చును. కౌన్సెలర్ అను బోర్డును మాత్రము చూచి నమ్మరాదు. గంటకు ఎంత? ఎన్ని మారులు రావలయును? రాలేని వారమునకు ఫీజు కలదా? తక్కువ ఆదాయము కలవారికి తగ్గింపు కలదా? ఇట్లడుగుట మర్యాదకు లోపము కాదు. బియ్యము కొట్టులో ధర అడుగుటకు సిగ్గుపడనివారము ఇక్కడ మాత్రమేల సిగ్గుపడవలయును? నిజమైన నిపుణులు ఈ ప్రశ్నలకు నొచ్చుకొనరు. కొద్ది వారములలో సర్వము నయము చేయుదుమని ముందుగనే హామీ ఇచ్చి, మొత్తము సొమ్ము ఒక్కమారే కట్టుమనువారి కడ మాత్రము జాగ్రత్త వహింపవలయును.

మా తల్లిగారు ఎనిమిది వారములును పోయిరి. మేము వెలుపల బల్లపై కూర్చుండి గడియారము చూచుచుండెడివారము. ఐదవ వారము గడచిన పిమ్మట వారు రాత్రులు నిద్రింపసాగిరి. అందరికిని ఎనిమిది వారములు చాలునని మేము చెప్పజాలము. కొందరికి ఎక్కువ కాలము పట్టును, కొందరికి మందులును కావలయును. ఆ గదిలో మా తల్లిగారు ఏమి చెప్పుకొనిరో మాకు నేటికిని తెలియదు. మేము అడుగలేదు. ఆ ఎనిమిది చీటీలను మాత్రము రక్తపరీక్ష చీటీలతో కలిపి దాచియుంచితిమి.