కొండగావ్ పోతబొమ్మల శిల్పి



బస్తరు అన్నంతనే మన తెలుగువారికి దంతేవాడలోని దంతేశ్వరియు, 1323లో ఓరుగల్లు పడిన పిమ్మట ఆ యడవులలో రాజ్యము నెలకొల్పినట్లు చెప్పబడు అన్నమదేవుడును, రైలుబండ్లలో విశాఖపట్టణమునకు దిగివచ్చు బైలదిల్ల ఇనుపరాయియు జ్ఞప్తికి వచ్చును. ఇత్తడి బొమ్మ తలపునకు రాదు. ఇది కొంత విచారింపదగిన విషయమే. రాయపూరునుండి జగదల్పూరు పోవు త్రోవలోని కొండగావ్‌లో ఘడవా కులమువారు తరతరములుగా పోతపని చేయుచున్నారు. వారిలో జయదేవ్ బఘేల్ పేరు విదేశములలోను వినబడినది.

ఆయనకు గురువు తండ్రి సిర్‌మన్ బఘేల్. పాఠశాల ఇంటి కొలిమి. ఆ యింటి బొమ్మలలో కాలుసేతులు సన్నగా సాగియుండును, కన్నులు ఉబ్బియుండును. ఉన్నదున్నట్లు చిత్రించుటయే యథార్థమని నమ్మినవారికి ఇది లోపముగా దోపవచ్చును. కాని బొమ్మను చేతికి తీసికొని చూడవలెను. భుజముపై గొడ్డలి యెట్లు వ్రేలాడునో, సంతకు పోవు స్త్రీ తలపై గంప యెట్లు నిలుచునో, అంతయు కన్నులార చూచినదే.

ఆ రూపమునకు కారణము పనితీరులోనే కలదు. పుట్టమన్ను, ఊక కలిపి ముందుగా లోపలి ముద్ద చేయుదురు. ఆరిన ముద్దను చిక్కుడాకుతో రుద్ది నునుపు చేయుదురు. తేనెమైనమును గుగ్గిలముతో కాచి, కొయ్యగొట్టమునుండి సన్నని పోగులుగా నొత్తి, దారము చుట్టినట్లు ముద్దపై చుట్టుదురు. కన్ను, కొప్పు, కంటె, అందె, అన్నియు ఆ పోగుతోనే. కనుక శిల్పి చేతిలో నున్నది కుంచె కాదు, ఉలి కాదు, ఒక్క గీత. పైన మెత్తని మన్ను, దానిపై ముతక మన్ను మెత్తి కాల్చగా మైనము కరగిపోవును; అది విడిచిన చోటును కరగిన ఇత్తడి నింపును. మన పూర్వులు దీనినే మధూచ్ఛిష్ట విధానమనిరి. మూసను పగులగొట్టినగాని బొమ్మ బయటికి రాదు. పోత చెడినచో దినముల శ్రమ మట్టిపాలు.

ఒకప్పుడు ఘడవాలు పోసినవి గ్రామదేవతల ప్రతిమలు, అందెలు, గజ్జెలు, ధాన్యపు కొలతపాత్రలు. కొనువాడు ప్రక్క పల్లెవాడే. చౌక అల్యూమినియము పల్లె చేరిన పిదప ఆ గిరాకి సన్నగిల్లెను. పట్టణపు వర్తకుడు వచ్చి దీపపుకుందెలు, బల్లమీది యేనుగులు, అదియు వందలకొలది ఒక్కతీరుగా, కావలెననెను. పొట్టకూటికై చేయువారిని తప్పుపట్టరాదు. అయినను జయదేవుడు దేవతామూర్తులను, ఝిట్కు–మిట్కి యను ప్రేమికుల జంటను విడువక, వానినే పెంచి, నగలు తీర్చి పట్టణములవారి ముందుంచెను. జాతీయ పురస్కారమును, మధ్యప్రదేశ్ ప్రభుత్వపు శిఖర సమ్మానమును ఆయనను వరించెను.

బస్తరు ఢోక్రాకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన ఆదిలాబాదులో ఉషేగావ్ మొదలగు గ్రామముల వోజులు చేయునదియు ఈ పనియే. వారికి 2018లో ఆ గుర్తింపు వచ్చినది. వారి ఊరు పేరెరిగిన తెలుగువారెందరు?

జగదల్పూరు సంతలో బొమ్మ కొనదలచినవారు దానిపై గోరు నడపి చూడవలెను. మైనపు పోగుల గట్లు వ్రేలికి తగులును. అడుగున లోపలి కాలిన మన్ను కొంత కానవచ్చును. ప్రక్కప్రక్కన రెండు బొమ్మలు రవ్వంతయు తేడా లేక యున్నచో ధర అడుగక ముందే అనుమానింపవలెను.