బాటిల్ బ్రష్: విత్తనమా, కొమ్మయా?

ములుగు పరిసరముల మెట్టపొలాలలో జామాయిల్ తోటలు మనకు క్రొత్త కావు. విత్తనపు మొక్కలన్నియు ఒకే తీరున ఎదుగవని తెలిసినందున, మేలైన చెట్టు కొమ్మల నుండి పెంచిన క్లోన్ మొక్కలను నేడు రైతులు నాటుచున్నారు. ఆ జామాయిలుకు దాయాదియే మన పెరటిలోని బాటిల్ బ్రష్. రెండును ఆస్ట్రేలియా సంతతి. జామ, నేరేడుల కుటుంబమునకు చెందినవే.

దాని యెఱుపు రేకులది కాదు, కేసరములది. మనుష్యుడు ఏరి పెంచిన రకములు ఇందు పెక్కు గలవు. ‘లిటిల్ జాన్’ నడుమెత్తు మించదు, కుండీకి చాలును. ‘మావ్ మిస్ట్’ది ఊదా ఛాయ. ‘హార్క్‌నెస్’ అనునది దక్షిణ ఆస్ట్రేలియాలోని గాలర్ పట్టణపు తోటలో బయల్పడిన సంకరము.

కొమ్మను పట్టుకొని ఏండ్ల తరబడి నిలుచు కాయలలో ధూళివంటి విత్తనములుండును. ఊరక దొరకినవి గదా అని వానిని చల్లుదుము. కాని సంకరపు విత్తనము తల్లి రంగును, పొట్టితనమును నిలుపునను నమ్మకము లేదు. పూచినగాని ఆ సంగతి తేలదు. పూయుటకు కొన్ని ఏండ్లు పట్టును! కనుక పూత ముగిసిన పిమ్మట, వానల నాట, లేతయు ముదురును గాని కొమ్మను జానెడుకు తక్కువగా కోసి, క్రింది ఆకులు తీసి, తడి యిసుకలో నీడను గ్రుచ్చవలెను. మొక్క కొనునపుడును ఇది కొమ్మ మొక్కయా, విత్తనపు మొక్కయా అని అడుగుదము. అమ్మువాడు తడబడినచో డబ్బు జేబులోనే యుండనిత్తము.